రాతి పనిముట్టును దొరికినచోటే ఉండనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పొలంలోనో గ్రావెల్ గుంటలోనో 'ఆదిమానవుడి రాతి గొడ్డలి' దొరికిందన్న వార్త అప్పుడప్పుడూ జిల్లా పేజీల్లో వస్తుంటుంది. ఫొటో దాదాపు ఎప్పుడూ ఒకటే: శుభ్రంగా కడిగిన రాయి, దాన్ని పట్టుకున్న అరచేయి, కింద 'లక్షల ఏళ్ళనాటిది' అన్న మాట. రాయి ఏ పొరలో ఉంది, ఎంత లోతున ఉంది, పక్కన ఇంకేమున్నాయి, దానికి ఎలాంటి మట్టి అంటుకుని ఉంది అన్న సంగతులు మాత్రం ఉండవు. అవి లేకపోతే ఎంత పెద్ద ప్రయోగశాలకు పంపినా ఆ రాయి వయసు గట్టిగా చెప్పేవాళ్ళుండరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎర్రమట్టి మెట్టలు లేఔట్ల కోసం, రోడ్ల కోసం, పునాదులు నింపడం కోసం రోజూ టిప్పర్లకెక్కి పోతున్నాయి. ఈ సమయంలో ఈ విషయం వివరంగా చెప్పాలనిపించి రాస్తున్నాం.

మన కొండల్లోని పలుగురాయి పుట్టి కోట్ల ఏళ్ళయింది. మనిషి దాన్ని చేతిలోకి తీసుకుని ఎప్పుడు కొట్టాడన్నది రాయిని ఎంత తిప్పి చూసినా తెలియదు. అది తెలిసేది కిందనున్న మట్టిని బట్టి, పైన కప్పిన మట్టిని బట్టి. కిందిపొర 40 వేల ఏళ్ళనాటిది, పైపొర 20 వేల ఏళ్ళనాటిది అయి, మధ్యలో రాతిపెచ్చు కదలకుండా ఉంటే అది ఆ రెంటి నడుమ కాలానిదని చెప్పొచ్చు. పెచ్చును పెరికి జేబులో వేసుకుంటే ఆ లెక్క అక్కడితో తెగిపోతుంది. నంద్యాల జిల్లా జ్వాలాపురం ప్రపంచానికి తెలిసింది ఇలాంటి పొర వల్లనే. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ళ కిందట టోబా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద జుర్రేరు లోయలో పడి పేరుకుంది. బూడిద పొరకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. ఆ బూడిదను అక్కడ క్వారీ చేసేవారు. తవ్విన గోడల్లో పొరలు వరసగా కనిపించాయి కాబట్టే కిందిదేదో పైదేదో తేల్చగలిగారు. అవే పనిముట్లు ఎవరి బీరువాలోనో ఉండుంటే టోబాకూ వాటికీ సంబంధముందని ఊహించడానికి కూడా ఆధారం దొరికేది కాదు.

నేలను, రాతిని కలిపి చదివే ఈ విద్య బాగా పదునెక్కింది ఎడారుల్లో. అక్కడ చెట్టూ చేమా అడ్డం ఉండవు, నేల నగ్నంగా కనిపిస్తుంది. 1981 నవంబరులో కొలంబియా అంతరిక్ష నౌక నుంచి పంపిన రాడార్ తరంగాలు తూర్పు సహారాలో పొడి ఇసుకను కొన్ని మీటర్ల మేర దాటి, కింద పూడిపోయిన పాత నదీ మార్గాలను చూపించాయి. ఆ మార్గాల వెంట నేలమీద వెతికితే చేతిగొడ్డళ్ళు దొరికాయి. లిబియాలోని మెసాక్ పీఠభూమి మీద చదరపు మీటరుకు సగటున 75 రాతి పనిముట్లు పరుచుకుని ఉన్నట్టు 2015లో ఒక సర్వే తేల్చింది. మన దేశంలో రాజస్థాన్‌ థార్ ఎడారిలో డీడ్వానా దగ్గరి ఇసుకదిబ్బలు, సింగీ తలావ్, కటోతీ ఈ పనికి పెట్టింది పేరు. సింగీ తలావ్‌లో చేతిగొడ్డళ్ళు వాడిన మనుషులు 1 లక్షా 77 వేల ఏళ్ళ కిందటి దాకా ఉన్నారనీ, కటోతీలో మధ్య పాతరాతియుగపు మనుషులు దాదాపు 95 వేల ఏళ్ళ కిందట ఉన్నారనీ ఇసుక వయసును కొలిచి చెప్పారు. అరేబియాలోని నెఫూద్ ఎడారిలో ఇసుకదిబ్బల మధ్య ఎండిపోయిన చెరువుల అడుసు పొరలుంటాయి. ఎడారి పచ్చగా మారిన ప్రతిసారీ మనుషులు వచ్చిన ఆనవాలు ఆ పొరల దగ్గరే కనిపిస్తుంది. ఈ చోట్లన్నింటిలోనూ చివరికి లెక్క తేల్చింది మట్టి, ఇసుక, చెరువు అడుసు.

ఎడారిలో పైన కనిపించేదాన్ని నమ్మితే మోసపోతాం. రాళ్ళు దగ్గరదగ్గరగా పేర్చినట్టు పరుచుకున్న నేలలు ఎడారుల్లో మైళ్ళకు మైళ్ళుంటాయి. గాలి మట్టినీ ఇసుకనూ ఊడ్చేసి బరువైన రాళ్ళను వదిలేసిందని చాలాకాలం అనుకున్నారు. చాలాచోట్ల జరిగింది దానికి పూర్తిగా వేరని అమెరికాలోని మొహావీ ఎడారిలో, సీమా అగ్నిపర్వత ప్రాంతంలో 1980లలో చేసిన పని చూపించింది. గాలి మోసుకొచ్చిన సన్నని దుమ్ము రాళ్ళ సందుల్లోంచి కిందికి దిగి పేరుకుంటుంది. తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు ముడుచుకుని అది రాళ్ళను కొద్దికొద్దిగా పైకి లేపుతూ ఉంటుంది. రాళ్ళు మొదటినుంచీ పైనే ఉంటాయి, కింది మట్టే తర్వాత వచ్చి చేరుతుంది. అంటే రాయికి కిందనున్న మట్టి రాయి కంటే చిన్న వయసుది కావచ్చు. కిందిది పాతది, పైది కొత్తది అన్న మొదటి పాఠం అక్కడ చెల్లదు. పైగా లక్ష ఏళ్ళనాటి చేతిగొడ్డలి, 10 వేల ఏళ్ళనాటి చిన్న పలక, నిన్నగాక మొన్న గొర్రెలకాపరి నిప్పు కోసం కొట్టిన చెకుముకి ముక్క ఒకే చదునులో పక్కపక్కన పడుంటాయి. అన్నింటినీ ఒకే సంచిలో వేసి ఒకే కాలానికి అంటగడితే అక్కడ ఎన్నడూ లేని ఒక సంస్కృతి పుట్టుకొస్తుంది.

మన దగ్గర దీనికి తిరగబడిన పని జరుగుతుంది, చేసేది చెద. గరువు నేలల్లో చెదపురుగులు కింది నుంచి సన్నమట్టినీ ఇసుకనూ నోట కరిచి పైకి తెచ్చి పుట్టలు కడతాయి. అవి మోయలేని గులకరాళ్ళు, రాతిపెచ్చులు ఉన్నచోటే ఉండి, కింద ఖాళీ అవుతున్న కొద్దీ దిగిపోతాయి. పుట్టలు వానకు కరిగి పైన పరుచుకుంటాయి. వేల ఏళ్ళు ఇలా సాగితే నేలకు అర మీటరు నుంచి రెండు మీటర్ల లోతులో రాళ్ళు ఒక గీత గీసినట్టు పోగవుతాయి. గ్రావెల్ గుంట గోడల్లో పైన ఎర్రని మెత్తమట్టి, మధ్యలో పలుగురాళ్ళ వరస, దాని కింద కుళ్ళిన కొండలైట్ (మన తూర్పు కనుమల కొండరాయి) కనిపిస్తే ముందు ఈ అనుమానం రావాలి. ఆ వరసలో రాతి పనిముట్టు దొరికితే అది పాతకాలపు నేలమీద పడి పూడిందా, లేక పైనుంచి దిగివచ్చిందా అన్న ప్రశ్న తప్పదు. వరద తెచ్చి పోసిన గులకరాళ్ళ పొరైతే రాళ్ళు అరిగి గుండ్రంగా ఉంటాయి, ఒకవైపుకు వాలి ఉంటాయి. చెద దింపిన వరసలో రాళ్ళు కోణాలు తేలి ఉంటాయి, వాలుకు ఒక పద్ధతి ఉండదు. జీడిమామిడి, కొబ్బరి మొక్కల కోసం తవ్విన గుంతల పక్కనైతే ఈ పరిశీలన కూడా కుదరదు. అక్కడ పైమట్టి కిందికీ కిందిమట్టి పైకీ కలిసిపోయి ఉంటుంది.

మన తీరం ఇప్పుడు ఎడారి కాదు, బాగానే వానలు పడే నేల. కానీ 20 వేల ఏళ్ళ కిందట మంచుయుగం ముదిరినప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి దిగింది. రుతుపవనాలు బలహీనపడ్డాయి. ఇప్పుడు అలల కింద ఉన్న ఇసుక నేల మైళ్ళ దూరం బయటపడి గాలికి ఎగిరింది. విశాఖ దగ్గరి భీమిలి ఎర్రమట్టి దిబ్బల చరిత్రలో గాలి, వాన, సముద్రం మూడింటి పాత్రా ఉంది. భూవిజ్ఞాని విలియం కింగ్ 1886లోనే వాటి గురించి రాశారు. 2014లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. విశాఖ తీరపు ఇదే రకం ఎర్రమట్టిలో, రామయోగి అగ్రహారం దగ్గర దొరికిన మధ్య పాతరాతియుగపు పనిముట్ల గురించి ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో ప్రచురించారు. తమిళనాడు దక్షిణ తీరంలోని తేరి ఇసుకల్లోనూ, శ్రీలంక తీరపు ఎర్ర ఇసుకల్లోనూ సూక్ష్మ రాతి పనిముట్లు దొరికాయి. కాబట్టి శ్రీకాకుళం, విజయనగరం తీర మండలాల్లో ఎర్ర ఇసుక మెట్ట కనిపిస్తే అది ఉత్త ఫిల్లింగ్ మట్టి అనుకోవడం తొందరపాటు.

ఇసుక వయసును ఎలా కొలుస్తారో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పొరపాట్లు ఎక్కువగా జరిగేది అక్కడే. ఇసుకలోని క్వార్ట్జ్ (పలుగురాయి) రేణువు ఎండలో ఉన్నంతసేపు దానిలో పోగైన శక్తి ఖాళీ అయిపోతుంది. పూడుకుపోయాక చుట్టూ మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే వికిరణం వల్ల ఆ శక్తి ఏటా ఇంత అని మళ్ళీ నిండుతుంది. ప్రయోగశాలలో రేణువు మీద నీలికాంతి పడేస్తే అది నిండినంత మేరకు వెలుగు వెదజల్లుతుంది. నిండిన మొత్తాన్ని ఏటా నిండే మొత్తంతో భాగిస్తే పూడి ఎన్నేళ్ళయిందో వస్తుంది. దీన్నే ఓఎస్‌ఎల్ అంటారు. ఈ రేణువుకు ఒక హద్దుంది, నిండాక ఇక నిండదు. రేణువు మింగిన వికిరణాన్ని 'గ్రే'లలో కొలుస్తారు. సుమారు 150 గ్రేల దగ్గర నిండిందనుకుందాం. వెయ్యేళ్ళకు 2 గ్రేల చొప్పున నిండే ఇసుకలో 75 వేల ఏళ్ళ దాకా వెనక్కి చూడొచ్చు. అదే వెయ్యేళ్ళకు 5 గ్రేలు వచ్చే ఇసుకలో 30 వేల ఏళ్ళకే హద్దు వచ్చేస్తుంది. మన తీరంలో ఈ చిక్కు ఉంది. ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు మోనజైట్ అనే ఖనిజం కూడా మన ఇసుకలో ఉంటుంది, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. పైగా ఈ ఖనిజాలుండే నల్ల ఇసుక ఒక చోట చారలుగా ఒత్తుగా, ఒక చోట పలచగా ఉంటుంది. అందుకే మన ఎర్ర ఇసుకలో వయసు కొలవాలంటే నమూనా చుట్టూ 30 సెంటీమీటర్ల మేర మట్టిలో వికిరణం ఎంతుందో అక్కడికక్కడే కొలవడం తప్పనిసరి. వేరే చోట కొలిచిన సగటు అంకెను ఇక్కడ వాడితే వయసు వేల ఏళ్ళు అటో ఇటో జరిగిపోతుంది. తేమ సంగతీ అంతే. మట్టిలోని నీరు కొంత వికిరణాన్ని మింగేస్తుంది, తేమ లెక్క ఒక శాతం తప్పితే వయసు కూడా సుమారు ఒక శాతం తప్పుతుంది. గుంట గోడ నాలుగు నెలలుగా ఎండుతూ ఉంటే పైపైన తీసిన తేమ పనికిరాదు, లోపలికి కోసి తీయాలి.

నమూనా తీసే పని చూడటానికి తేలికే. 5 సెంటీమీటర్ల వ్యాసం, 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవున్న ఇనప గొట్టం ఒకటి కావాలి. గోడ పైచర్మాన్ని బాగా చెక్కేశాక, పైన మందపాటి నల్లగుడ్డ కప్పుకుని, గొట్టాన్ని అడ్డంగా సుత్తితో లోపలికి దిగేసి, తీసిన వెంటనే రెండు మూతులూ బిగించి నల్ల టేపు చుట్టాలి. ప్రయోగశాలలో ఎర్రదీపం కింద రెండు చివర్ల రెండు మూడు సెంటీమీటర్ల ఇసుకను పక్కనపెట్టి నడిమి భాగమే వాడతారు. చెడేది ఎక్కడంటే, గొట్టం సగమే నిండితే రవాణాలో కుదిపినప్పుడు ఎండ తగిలిన చివరి ఇసుక నడిమి ఇసుకతో కలిసిపోతుంది. మూతి దగ్గర గులకరాయి అడ్డుపడితే లోపల ఖాళీ మిగులుతుంది. తెల్లని పీవీసీ గొట్టం వెలుతురును ఆపదు. చెద కలిపిన పొరైతే పాత రేణువుల్లో కొత్తగా ఎండ తగిలినవి కలిసి ఉంటాయి. అప్పుడు గుప్పెడు ఇసుకను ఒకేసారి కొలిస్తే వచ్చే సగటుకు అర్థముండదు, ఒక్కొక్క రేణువును విడిగా కొలవాలి.

రాతిలోనే కొలిచే పద్ధతి లేకపోలేదు. చెన్నై దగ్గరి అత్తిరంపాక్కంలో పూడిపోయిన క్వార్ట్‌జైట్ పనిముట్లలో బెరీలియం-10, అల్యూమినియం-26 కొలిచి, దాదాపు 15 లక్షల ఏళ్ళనాటివని పురావస్తు శాస్త్రవేత్త శాంతి పప్పు బృందం 2011లో తేల్చింది. కానీ ఆ లెక్కకూ రాయి ఎంత లోతున పూడి ఉందో తెలియాలి. లోతు రాసుకోని రాయికి ఆ పరీక్ష కూడా దండగే.

ఇక దొరికింది అసలు పనిముట్టేనా అన్న ప్రశ్న. మన దగ్గర ఇది ఎడారిలో కంటే కష్టం. చెర్ట్ అనే సన్నని చెకుముకి జాతి రాతిలో మనిషి కొట్టిన పెచ్చును గుర్తుపట్టడం తేలిక. దెబ్బ తగిలిన చదును అంచు, దాని కింద చిన్న ఉబ్బు, ఆ ఉబ్బు నుంచి అలలుగా వ్యాపించిన గీతలు, వీపు మీద అంతకుముందు తీసిన పెచ్చుల గుంటలు కనిపిస్తాయి. పలుగురాయిలో ఇవి సరిగా కనిపించవు. దానిలో పగుళ్ళెక్కువ, దెబ్బకు ముక్కముక్కలవుతుంది. దాగలి మీద నిలబెట్టి పైనుంచి కొడితే రెండు కొనలూ నలిగిన ముక్కలొస్తాయి, ఆ రెండు కొనల నలుగుడే అక్కడ గుర్తు. కొండలైట్ అయితే పెచ్చులూడదు, పొడిపొడి అవుతుంది. కొండలైట్ ముక్కను చేతిగొడ్డలి అన్నారంటే సందేహించాల్సిందే. ఒక్క రాయిని చూసి తీర్పు చెప్పొద్దు. పెచ్చులు ఊడదీసిన కోర్ రాయి, దాని పెచ్చులు, వాటితో పాటు సెంటీమీటరులోపు రాలు ముక్కలు ఒకేచోట ఉంటే నమ్మకం కుదురుతుంది. రాయి కొట్టినచోట పెద్ద పెచ్చుల కంటే ఈ రాలే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. 5 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టినా రాలు కనిపించకపోతే నీరు దాన్ని ఎక్కడికో కొట్టుకుపోయిందనీ, పెద్ద రాళ్ళు కూడా కదిలి వచ్చినవే కావచ్చనీ అనుకోవాలి.

గెడ్డలో దొర్లి పగిలిన గులకరాయికి దెబ్బలు అన్ని వైపులా ఉంటాయి, అంచులు అరిగిపోతాయి. నిప్పుకు పగిలిన రాయి మీద సాసర్‌లాంటి పలచని గుంటలుంటాయి, దెబ్బ తగిలిన చదును ఉండదు. ఈ మధ్య ఎక్కువగా మోసం చేస్తున్నవి జేసీబీ పళ్ళు, రోటవేటరు బ్లేళ్ళు, క్రషర్ ముక్కలు. వాటి దెబ్బకు లేచిన పెచ్చు అచ్చం పాతదానిలాగే ఉంటుంది. దెబ్బ గుంట రంగు మాత్రం పట్టిస్తుంది: మిగతా రాయి మట్టిరంగు పట్టి మాసి ఉంటే ఆ గుంట తాజాగా తెల్లగా మెరుస్తుంది, ఒక్కోసారి ఇనుము రాసుకున్న బూడిదరంగు గీత కూడా ఉంటుంది. రాయిని కడిగేస్తే చూడాల్సిన ఈ తేడాల్లో సగం పోతాయి. రాయికి అంటుకున్న గట్టి సున్నపు పొరనైతే గోటితో కూడా గీకకూడదు, దాని వయసును విడిగా కొలిచే వీలుంటుంది. ఇంకొక హెచ్చరిక విజయనగరం వాళ్ళకు. ఎడారి రాళ్ళ మీద ఇనుము, మాంగనీసు, బంకమన్ను కలిసిన నల్లని పలచని పూత ఏర్పడుతుంది, దాన్ని వార్నిష్ అంటారు. అది ఏర్పడటానికి వేల ఏళ్ళు పడుతుంది. చీపురుపల్లి, గరివిడి వైపు రాళ్ళలోనే మాంగనీసు ఉంది, అక్కడ మట్టిలో తడి తగిలిన గులకరాళ్ళకు నల్లపూత మామూలే. ఆ నలుపు చూసి ఎడారి వార్నిష్ అనీ, లక్షల ఏళ్ళనీ రాయకండి.

మరి దొరికినప్పుడు ఏం చేయాలి? ముందుగా, ఏం తవ్వకూడదు. రక్షిత స్థలం కాకపోయినా సరే, పురావస్తు తవ్వకం చేయాలన్నా చేయించాలన్నా రాష్ట్ర ప్రభుత్వమైనా ముందుగా కేంద్రం ఆమోదం తీసుకోవాలని 1958 నాటి పురావస్తు చట్టం చెబుతోంది. కానీ ఇప్పటికే కోసిన గోడను చూడటానికీ, కొలవడానికీ, ఫొటో తీయడానికీ తవ్వకం అక్కర్లేదు. రాయి గోడలోనే ఉంటే అలాగే ఉంచి, పక్కన 30 సెంటీమీటర్ల బడి స్కేలు పెట్టి దగ్గరగా ఒక ఫొటో, గోడ మొత్తం పడేలా దూరంగా ఒక ఫొటో తీయండి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎరుపు తేడాలు కనపడవు, గోడ నీడలో ఉన్న వేళ తీయండి. స్ప్రే సీసాతో నీళ్ళు చిమ్మితే పొరల రంగులు తేలతాయి. పై అంచు నుంచి టేపు వేలాడదీసి రంగు మారిన ప్రతిచోటా, మట్టి గుణం మారిన ప్రతిచోటా లోతు రాసుకోండి. తడి మట్టిని బొటనవేలితో నలిపితే ఇసుకో బంకో తెలుస్తుంది. పదిశాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే నురగ వచ్చిన చోట సున్నం ఉన్నట్టు. ఇది కాలేజీ ల్యాబు వాళ్ళు కళ్ళద్దాలు, చేతి తొడుగులు పెట్టుకుని చేయాల్సిన పని. ఫోన్ జీపీఎస్ బయలు ప్రదేశంలోనే మూడు నుంచి ఐదు మీటర్లు తేడా చూపిస్తుంది, తోటల్లో ఇంకా ఎక్కువ. అందుకని గట్టు రాయి, కరెంటు స్తంభం లాంటి కదలని వస్తువు నుంచి టేపుతో కూడా దూరం కొలవండి. ఎత్తు విషయంలో ఫోన్‌ను అసలు నమ్మకండి.

రాయి ఇప్పటికే ఊడి టిప్పర్ దారిలో పడుంటే తీసుకోక తప్పదు. అప్పుడు దాన్ని కడగకుండా, మట్టితో సహా కాగితంలో చుట్టి సంచిలో వేయండి. చీటీ లోపలొకటి, బయటొకటి పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా తడికి కరిగిపోతుంది. రాళ్ళన్నీ ఒకే సంచిలో వేస్తే ఒకదానికొకటి తగిలి అంచులు కొత్తగా చిట్లుతాయి, వాడకం వల్ల చిట్లినవో సంచిలో చిట్లినవో ఆపైన తేలదు.

అధికారులకు మా విన్నపం ఒకటి. ఎర్రమట్టికీ గ్రావెల్‌కూ పర్మిట్ ఇచ్చే ముందు స్థలం చూడటం ఎలాగూ జరుగుతుంది. ఆ తనిఖీలోనే ఐదు మీటర్ల ఎడంలో వరసలుగా నడిచి నేలమీద రాతిపెచ్చులున్నాయో లేదో ఒక కాగితం మీద నమోదు చేయించాలి. నలుగురు మనుషులు ఒక ఎకరం చూడటానికి గంట కూడా పట్టదు. దుక్కి దున్నాక ఒక వాన పడితే రాళ్ళు కడిగి తేలతాయి కాబట్టి అప్పుడు చూడటం మంచిది. గడ్డి మోకాలెత్తు ఉన్నప్పుడు చూసి 'ఏమీ లేవు' అని రాస్తే ఆ కాగితానికి విలువ లేదు. పెచ్చులు కనిపించిన చోట రెండు మీటర్ల వెడల్పున పైనుంచి కింది దాకా మట్టిని ముట్టుకోకుండా ఒక దిబ్బగా వదిలేయమనాలి. ఉపాధి పనుల్లో, చెరువు పనుల్లో కొలత కోసం మట్టిదిబ్బ వదలడం మన కూలీలకు తెలిసిన పనే, కొత్తగా నేర్పక్కర్లేదు. గుత్తేదారుకు దానివల్ల పోయే మట్టి కొన్ని టిప్పర్లకు మించదు. ఆ ఒక్క దిబ్బ మిగిలితే ఏళ్ళ తర్వాత వచ్చిన పరిశోధకుడైనా పొరలు చూడగలడు, నమూనా తీయగలడు.

కాలేజీల భూగోళ, చరిత్ర శాఖల వాళ్ళకు కూడా ఒక మాట. విద్యార్థులను తీసుకెళ్ళి రాళ్ళు ఏరించి గాజు బీరువాలో పెట్టడం కంటే, ఒక గుంట గోడను గీయించి, పొరల పేర్లు వాళ్ళ చేతే రాయించడం వల్ల వాళ్ళకు ఎక్కువ వస్తుంది. ఇప్పటికే బీరువాల్లో ఉన్న రాళ్ళకు, అవి తెచ్చిన మాస్టార్లు ఇంకా మన మధ్య ఉండగానే, ఏ ఊరి ఏ మెట్ట నుంచి వచ్చాయో అడిగి రాయించుకోవాలి.

మీ పత్రికకు, మిగతా పత్రికల విలేకరులకు కోరేది ఇది. ఇలాంటి వార్త రాసేటప్పుడు సర్వే నంబరు, దారి గుర్తులు అచ్చువేయకండి. మర్నాడే గుంపులు వెళ్ళి ఏరుకుపోతారు, కొందరు అమ్మకానికి పెడతారు. వందేళ్ళు పైబడిన పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు ఉండాలని 1972 చట్టం చెబుతున్నా ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఊరి పేరు, మండలం చాలు. కచ్చితమైన చోటును పురావస్తు శాఖకు విడిగా తెలియజేయండి. వయసు రాయాల్సి వస్తే ఎవరు, ఏ పద్ధతిలో కొలిచారో అడగండి. ఎవరూ కొలవకపోతే 'వయసు ఇంకా తేలలేదు' అని రాయండి. అరచేతిలో రాయి ఫొటో బదులు, గోడ కనిపించే ఫొటో వేయండి. రాయి గోడలో ఏ లోతున ఉందో టేపు మీద అంకె చదవగలిగేంత పెద్దగా.

ఇట్లు,
భూవిజ్ఞానం, పురావస్తు శాస్త్రం బోధించే కొందరు అధ్యాపకులు,
శ్రీకాకుళం